సబ్బు, బొత్తాం, పలాంగ

మా చిన్నమ్మ దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. రాజంపేట దగ్గర పల్లెలో ఆమె ఇంట్లో, ఇనప్పెట్టె అడుగున, గడువు తీరిన పాస్‌పోర్టు పక్కన, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టుకుంది. చిన్నమ్మ 1998లో కువైట్ పోయింది. 2005లో తిరిగొచ్చింది. ఏడేళ్లూ ఒకటే ఇల్లు, ఒకటే వంటగది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి అక్కడ కూర్చుని రాసుకున్న పుస్తకం అది. పోయినేడు సంక్రాంతికి వెళ్లినప్పుడు ఏదో కాగితం కోసం పెట్టె వెతుకుతుంటే నా చేతికొచ్చింది.

పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. ఎడమవైపు ఒక మాట, కుడివైపు దాని అర్థం. రెండూ తెలుగు అక్షరాల్లోనే. తూబిగ్ – నీళ్లు. అసిన్ – ఉప్పు. నమిత్ – రుచి. కపోయ్ – అలుపు. హిబీ – ఏడుపు. అంబోత్ – ఏమో. అరబ్బీ అనుకున్నాను.

“అరబ్బీ గాదు పాపా. అది నోటికే వచ్చేసింది, రాసుకునే పనేముంది? ఇది మానాంగ్ బాస” అంది చిన్నమ్మ.

మానాంగ్ అంటే అక్క. ఆ ఇంట్లోనే పనిచేసిన ఫిలిప్పీన్స్ ఆమెను చిన్నమ్మ అలాగే పిలిచేది. అసలు పేరు కూడా చెప్పింది గానీ ఇక్కడ రాయను. మొదట్లో ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లీషు, మిగిలింది చేతి సైగలు. రాత్రి గిన్నెలు తోమడం అయ్యాక వంటగదిలో కింద కూర్చుని ఒకరి మాటలు ఒకరు రాసుకునేవాళ్లట. మానాంగ్ దగ్గరా ఇలాంటి పుస్తకమే ఒకటి ఉండేదట. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో మన తెలుగు. అది ఇప్పుడు ఏ పెట్టె అడుగున ఉందో.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. నిఘంటువులు పక్కన పెట్టుకుని పదేళ్లు గడిపాను. అయినా ఈ భాష పేరు చిన్నమ్మ చెప్పేదాకా వినలేదు. జనం ఇలోంగో అంటారు, పుస్తకాల్లో హిలిగైనాన్. ఫిలిప్పీన్స్ నడుమ ఉన్న విసయా దీవుల్లో పడమటి వైపు మాట్లాడతారు. పనాయ్ దీవిలో ఇలోయిలో, దాని పక్కన చిన్న దీవి గిమరాస్, సముద్రం దాటితే నీగ్రోస్ దీవి పడమటి సగం. మానాంగ్‌ది నీగ్రోస్, చెరకు తోటల పల్లె.

ఆ తర్వాత ఆరు నెలలు దొరికిన నిఘంటువులన్నీ తిరగేశాను. చిన్నమ్మ పుస్తకాన్ని వాటితో సరిపోల్చడమే మొదట పని. తర్వాత్తర్వాత ఆ నిఘంటువుల్ని చిన్నమ్మ పుస్తకంతో సరిచూడడం మొదలైంది.

నాలుగో పేజీ బట్టలుతికే గది మాటలు. హబోన్ – సబ్బు. బుతోనెస్ – బొత్తాం. ఈ పేజీ చూపించగానే చిన్నమ్మ నవ్వేసింది. “బొత్తాం అంటానే ఎగిరి గంతేసింది ఆయమ్మ. అది మా మాట అని ఆయమ్మ, కాదు మా మాట అని నేను. కొట్లాడుకుంటిమి.”

ఇద్దరిదీ కాదు. మన తీరానికి పోర్చుగీసు వాళ్లు తెచ్చిన మాట బొత్తాం. వాళ్ల దీవులకు స్పెయిన్ వాళ్లు తెచ్చినది బుతోనెస్. పక్కపక్కనే ఉన్న ఆ రెండు దేశాలూ 1494లో ఒకసారి, 1529లో మరోసారి గీతలు గీసుకుని ప్రపంచాన్ని పంచుకున్నాయి. ఆ పంపకంలో ఒకే లాటిన్ కుటుంబపు మాటలు అటొకటి ఇటొకటి చేరి, నాలుగైదు వందల ఏళ్లకు కువైట్‌లో ఒక వాషింగ్ మెషీన్ ముందు ఎదురుపడ్డాయి. సబ్బుకు అరబ్బీ దారి కూడా ఉందంటారు. ఆ ఇంటి యజమానురాలు దాన్ని సాబూన్ అనేది. ముగ్గురు ఆడవాళ్లకూ అర్థమయ్యే మాట ఒకటుంటే అది సబ్బు. దాన్ని వాడే పని మాత్రం ఇద్దరిదే.

స్పెయిన్ సైన్యం సెబూ దీవిలో దిగింది 1565లో. 1569లో పనాయ్‌కి వచ్చింది. 1898లో అమెరికాకు అప్పగించి పోయేదాకా మూడు వందల ముప్ఫై మూడేళ్లు. అన్నేళ్లలో ఏ మాటలు లోపలికి వచ్చాయో చూస్తే పాలన ఎక్కడెక్కడ చెయ్యి పెట్టిందో తెలుస్తుంది. వారాల పేర్లన్నీ స్పానిష్. నెలల పేర్లన్నీ స్పానిష్. వస్తువులు లెక్కపెట్టడానికి ఇసా, దుహా, తత్లో అనే సొంత అంకెలు, గడియారానికీ డబ్బుకూ మాత్రం ఎక్కువగా స్పానిష్ అంకెలు. చెంచా కుత్సారా, పళ్లెం ప్లాతో, వంటగది కుసీనా. బల్లను లమేసా అంటారు. స్పానిష్‌లో ‘లా’ అనేది విడి మాట, ఇక్కడ మేసాకు అతుక్కుపోయింది. ‘ఫ’ పలకని నోరు కనుక ఫియెస్తా పియెస్తా అయింది. కాపీ అనే కడప నోటికి అందులో వింతేమీ లేదు.

ఇదంతా ఏ భాషలోనైనా జరిగేదే. నన్ను ఆపింది మరొకటి. హిలిగైనాన్ సొంత మాటలకు లింగం లేదు. సర్వనామానికి కూడా లేదు. ‘సియా’ అంటే అతను, ఆమె కూడా. ‘బాలో’ అంటే భార్య పోయినవాడు, భర్త పోయినామె కూడా. ‘ఉతోద్’ అంటే తోడబుట్టినవాళ్లు, ఆడా మగా చెప్పాలంటే ఇంకో మాట తగిలించాలి. చదువు చెప్పేవాళ్లెవరైనా ‘మనునుద్లో’. స్పానిష్ వచ్చి ప్రతి మనిషికీ చివర ‘ఓ’ అనో ‘ఆ’ అనో ఒక తోక పెట్టింది. బాలో పక్కన బియుదో, బియుదా చేరారు. మనునుద్లో పక్కన మయెస్త్రో, మయెస్త్రా. దుకాణంలో తిందేరో, తిందేరా. ప్రేమికులు నోబ్యో, నోబ్యా. చివరికి ఆ జనం పేరు కూడా మగవాడైతే ఇలోంగో, ఆడదైతే ఇలోంగా.

ఈ జంటలు సమానమైన జంటలు కావు. బట్టలుతికే ఆమె లబందేరా. ‘లబందేరో’ వినబడడం అరుదు. భార్య కాకుండా మగవాడు పెట్టుకున్న స్త్రీ కెరీదా. స్పానిష్‌లో ఆ మాటకు అసలు అర్థం ప్రియమైనది అని. చిన్నమ్మ పుస్తకంలో ఈ మాటకు ఎదురుగా ‘ఉంచుకున్నది’ అని ఉంది. ఎందుకు రాసుకున్నారీ మాట అని అడిగాను. మానాంగ్ మొగుడికి ఊళ్లో ఒకామె ఉందట. ఆ సంగతి ఫోన్లో తెలిసిన రాత్రి చెప్పుకున్న మాట అది. మన ‘ఉంచుకున్నది’ ఇంకా వింత మాట. ఉంచుకున్నవాడు అందులో కనబడడు. పని వాడిది, పేరు ఆమెకు.

మానాంగ్‌కు విడాకులు తీసుకునే దారి లేదు. 1582లో మిగెల్ దె లోఆర్కా అనే స్పెయిన్ వాడు పనాయ్‌లో కూర్చుని ఆ దీవుల గురించి ఒక నివేదిక రాశాడు. అప్పటి విసయాల్లో భార్యాభర్తలు విడిపోవడం, ఇచ్చిన కన్యాశుల్కం తిరిగివ్వాలా లేదా అన్నది తగువు తీర్చుకోవడం మామూలే. విడిపోవడానికి ‘బులగ్’ అన్న సొంత మాట ఉంది. స్పానిష్ చర్చి వచ్చి ఆ పనిని మూసేసింది. అమెరికా వాళ్ల కాలంలో 1917లో ఒక చట్టం వచ్చింది. విడాకులు కావాలంటే భార్య వ్యభిచారం గానీ భర్త ఉంపుడుగత్తెను పెట్టుకోవడం గానీ కోర్టులో నేరంగా రుజువు కావాలి. 1950 సివిల్ కోడ్‌తో అదీ పోయింది. ఇప్పుడు ముస్లింలకు తప్ప విడాకుల చట్టం లేదు. 2024 మేలో ప్రతినిధుల సభ ఒక బిల్లు ఆమోదించింది గానీ ఆ సభ కాలం ముగిసేలోగా సెనేట్ దాన్ని ఆమోదించలేదు. శిక్షాస్మృతిలో మాత్రం స్పానిష్ నాటి తేడా అలాగే ఉంది. భార్య ఒక్కసారి తప్పినా నేరం. భర్త విషయంలో కెరీదాను కాపురమున్న ఇంట్లోనే పెట్టుకున్నాడని, నలుగురిలో రచ్చ అయ్యేలా ఉన్నాడని, లేదా వేరేచోట ఆమెతో కాపురం చేస్తున్నాడని చూపించాలి. హిలిగైనాన్‌లో ‘దిబోర్స్యో’ అనే అరువు మాట ఉంది. మాట ఉంది గానీ అది చూపే వస్తువు ఆ దేశంలో లేదు.

స్పానిష్‌కు ముందంతా ఆడవాళ్ల స్వర్గమని నేను అనడం లేదు. అలాంటి వ్యాసాలు చాలా చదివి విసిగిపోయాను. అదే లోఆర్కా బానిసల్లో తరగతులున్నాయని, ఎవరు ఎన్నాళ్లు యజమాని ఇంట పనిచెయ్యాలో కట్టుబాట్లున్నాయని రాశాడు. బానిసకు ‘ఉలిపోన్’ అని సొంత మాటే ఉంది, అరువు తెచ్చుకోలేదు. సర్వనామానికి లింగం లేకపోయినంత మాత్రాన సమాజానికి లేకుండా పోదు. కానీ ఒక మనిషి గురించి నోరు విప్పగానే ముందు ఆడా మగా తేల్చాల్సిన అవసరం ఆ భాషకు లేదు. అది చిన్న సంగతి కాదు.

ఈ ‘సియా’ను ఇంగ్లీషులో పెట్టాలంటే ఏదో ఒకటి ఎంచుకోవాలి. మిల్‌హిల్ మిషనరీ జాన్ కాఫ్‌మన్ 1934లో ఇలోయిలోలో అచ్చువేసిన విసయన్–ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ ఈ భాషకు పెద్ద దిక్కు. ఆయన స్పానిష్ నుంచి వచ్చిన మాటలకు గుర్తు పెట్టాడు, ఊరూరి తేడాలు చూపించాడు, ఒక్కో మాటకు వాక్యాలు ఇచ్చాడు. ఆ వాక్యాల్లో లింగం తెలియని మనిషి ఇంగ్లీషులోకి వచ్చేసరికి, నేను చూసిన ఎక్కువ చోట్ల, ‘హీ’ అయిపోయాడు. దున్నేవాడు, దొంగ, తెలివైనవాడు, చచ్చిపోయినవాడు అందరూ హీ. ఒక భాషలోని సగం మంది అర్థంలోకి రాకుండా నిలిచిపోయారు.

తెలుగైతే ఏం చేస్తుంది? మన వ్యాకరణం మనుషుల్ని మహత్తు, అమహత్తు అని విడదీసి, ఏకవచనంలో ఆడదాన్ని ఆవుతో, కుర్చీతో కలిపి ‘వచ్చింది’ అనిపిస్తుంది. బహువచనం అయితేనే మగవాళ్ల సరసన ‘వచ్చారు’. ఒంటరిగా ఉన్న ఆడదానికి మనిషి క్రియ దొరకదు. గుంపులో ఉంటే దొరుకుతుంది. చిన్నమ్మ దీన్నెలా దాటిందో చూడాలని సియా కోసం పేజీలు తిప్పాను. ‘సియా – ఆయన, ఆయమ్మ, వాడు, అది, అన్నీ’ అని రాసుంది.

ఇంకోచోట మాత్రం తెలుగు గెలిచింది. హిలిగైనాన్‌లో ‘కితా’, ‘కామి’ అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెంటికీ ‘వీ’ ఒక్కటే కాబట్టి ఎదుటి మనిషిని కలుపుకుంటే ఇది, వదిలేస్తే అది అని ఇంగ్లీషు వాళ్లకు వివరించి చెప్పాలి. చిన్నమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. ‘కితా – మనం. కామి – మేము.’ ఆ రెండు వరుసలు చూసి నేను చాలాసేపు కదల్లేదు. ఒక చిన్న భాషకు అర్థం చెప్పాలంటే ఇంగ్లీషే దారి అని మనకెవరు చెప్పారు? నా థీసిస్‌లో పరాయి భాషల నుంచి తెచ్చుకున్న ప్రతి ఉదాహరణా ఇంగ్లీషు మీదుగానే వచ్చింది.

హిలిగైనాన్ తొలి పెద్ద నిఘంటువు అలోన్సో దె మెంత్రిదా అనే అగస్తీనియన్ సన్యాసిది. 1637లో అచ్చయింది, 1841లో మళ్లీ వేశారు. అది బోధకుల పనిముట్టు. మతబోధ చెయ్యాలంటే, పాపాలు చెప్పుకునేవాళ్ల మాట పట్టుకోవాలంటే భాష కావాలి. పాపానికి హిలిగైనాన్ మాట ‘సలా’. స్పానిష్ వాళ్లు తమ ఇళ్లతో పాటు తెచ్చిన ముందుగది కూడా సాలా. ఉచ్చారణలో తేడా ఉంది గానీ కాగితం మీద అవే అక్షరాలు. చర్చి, పెద్దమనుషుల ముందుగది ఒకే స్పెల్లింగులో కలిశాయన్నమాట. పల్లెల్లో జబ్బులు నయం చేసి, పంటకు పూజలు చేసి, చనిపోయినవాళ్లతో మాట్లాడే ‘బాబాయ్‌లన్’లు ఎక్కువగా ఆడవాళ్లు. సన్యాసుల రాతల్లో వాళ్లు మంత్రగత్తెలు. పందొమ్మిదో శతాబ్దం చివరికి నీగ్రోస్‌లో ఆ పేరు కొండలెక్కి తోటల యజమానుల మీద, ప్రభుత్వం మీద తిరగబడిన మగవాళ్ల దండుకు స్థిరపడింది. వాళ్ల నాయకుడు పాపా ఇసియో 1907లో లొంగిపోయాడు. చరిత్ర పుస్తకంలో బాబాయ్‌లన్ అంటే ముందుగా ఆయనే కనబడతాడు.

కడపలో బ్రౌన్ లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదాన్ని నేను. 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మీద బ్రౌన్ పేరుంటుంది. మెంత్రిదా మీద మెంత్రిదా పేరు, కాఫ్‌మన్ మీద కాఫ్‌మన్ పేరు. వంట, నేత, పురుడు, పిల్లల జోలకు సంబంధించిన మాటలన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. అవి ఎవరి నోటి నుంచి వచ్చి ఉంటాయి? 1971లో హవాయి విశ్వవిద్యాలయం వేసిన హిలిగైనాన్ నిఘంటువు మీద మొదటిసారి నాకు ఒక స్త్రీ పేరు కనిపించింది. సెసిల్ మోతుస్. ఎందుకో ఆ పేరును వేలితో తడిమాను.

రాసిన ఆడవాళ్లు అంతకు ముందే ఉన్నారు. ఇలోయిలోలోని హారోలో 1891లో పుట్టిన మగ్దలేనా హలందోని 1907లో, పదహారేళ్ల వయసుకు, ‘ఒక పువ్వుకున్న ముళ్లు’ అనే అర్థం వచ్చే పేరుతో తొలి నవల అచ్చువేసింది. తర్వాత ముప్ఫైకి పైగా నవలలు, లెక్కలేనన్ని కవితలు, కథలు. పెళ్లి చేసుకోలేదు. 1978లో చనిపోయేదాకా రాసింది. కవితకు బినలాయ్‌బాయ్, కథకు సుగిలనోన్ అని సొంత మాటలున్న భాషలో ఆమె ఎక్కువగా రాసినదానికి పేరు మాత్రం స్పానిష్, నోబెలా. ఇంగ్లీషు బడులు వచ్చి ఉద్యోగాలన్నీ ఇంగ్లీషు వైపు మళ్లుతున్న కాలంలో ఆమె హిలిగైనాన్‌ను వదల్లేదు.

నోటుబుక్కులో నేను ఎక్కువ రోజులు తిరిగిన పేజీ ఒకటి ఉంది. అందులో ఐదే మాటలు. గపస్ – పత్తి. హబోల్ – నేయడం, దుప్పటి. అస్యెందా – తోట. గుతోమ్ – ఆకలి. తిగ్‌కిరివి – మూతులు వంకర పోయే కాలం.

గపస్ మన సంస్కృత కార్పాసమే. స్పెయిన్ ఓడలకు ఎన్నో శతాబ్దాల ముందు మలయ్ వర్తకుల నోళ్ల మీదుగా ఆ దీవులు చేరింది. బలితా అంటే వార్త, దివాతా అంటే దేవత కూడా ఆ దారిలో వెళ్లినవే. ఇలోయిలో ఆడవాళ్లు పత్తితో, అబకా నారతో, స్పెయిన్ వాళ్లు అమెరికా నుంచి తెచ్చిన అనాస ఆకుల నారతో నేసేవాళ్లు. ఆ అనాస బట్టకు ‘పిన్యా’ అని స్పానిష్ పేరే. 1855లో ఇలోయిలో రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. 1856లో నికొలస్ లోనీ అనే ఇంగ్లీషువాడు బ్రిటిష్ వైస్ కాన్సుల్‌గా దిగాడు. ఆ రాష్ట్రంలో అరవై వేల మగ్గాలుంటాయన్న లెక్క ఆయన రాతల్లోనే ఉంది. దాదాపు అన్నిటి మీదా ఆడవాళ్లు. ఆయన చేసిందల్లా ఆ మగ్గాల నమూనాలనే బ్రిటన్ మిల్లుల్లో నేయించి చవకగా దింపడం, తిరుగు ఓడల్లో పంచదార నింపడం, నీగ్రోస్‌లో తోటలు వేసేవాళ్లకు అప్పు మీద యంత్రాలివ్వడం. తర్వాతి కథ మనకు చెప్పక్కర్లేదు. మగ్గాలు ఆగాయి, చెరకు పెరిగింది. ఇలోయిలో నదీతీరపు రేవుకు ఇప్పటికీ లోనీ పేరే.

తోటలతో పాటు మాటలు దిగాయి. అస్యెందా, అస్యెందేరో, మేస్త్రీకి కాబో, కోతకు పనాయ్ నుంచి వచ్చే వలస కూలీలకు సకాదా. గానుగలు ఆగి పని లేని నెలలకు తోటల లెక్కల పుస్తకాల్లో ‘తియెంపో ముయెర్తో’ అని స్పానిష్ పేరు, అంటే చచ్చిన కాలం. కూలీల నోట అదే కాలానికి తిగ్‌కిరివి. ఏడుపు ఆపుకునే పిల్లల మూతి వంకర పోతుందే, ఆ వంకర. ఒక పేరు కాలాన్ని చూసి పెట్టింది, ఇంకో పేరు ముఖాన్ని చూసి పెట్టింది.

1984, 85ల్లో ప్రపంచంలో పంచదార ధర పడిపోయింది. తోటలు నాటడం మానేశారు. నీగ్రోస్‌లో పిల్లలు తిండి లేక చచ్చిపోయారు. మానాంగ్‌కు అప్పుడు పదిహేడేళ్లు. తల్లి చెరకులో కలుపు తీసేది. తమ్ముణ్ణి ఎత్తుకుని బాకోలోద్ ఆసుపత్రికి నడిచి పోయిన సంగతి చిన్నమ్మకు ఎన్నిసార్లు చెప్పిందో. “మాకు కరువొస్తే మా నాయన బెంగుళూరు పాయ. ఆయమ్మకు కరువొస్తే ఆయమ్మే పాయ” అంది చిన్నమ్మ. మానాంగ్ ముందు మనీలాలో పనికి కుదిరింది. తర్వాత కువైట్.

పనిమనిషికి హిలిగైనాన్‌లో ఎన్ని మాటలో. ఆజ్ఞ వినే మనిషి, సులుగువోన్. సాయం అనే ‘బులిగ్’ నుంచి కబులిగ్, అంటే తోడు చెయ్యి వేసే మనిషి. స్పానిష్‌లో పిల్ల అని అర్థమున్న మాట నుంచి ముత్సాత్సా. ఎంత వయసొచ్చినా ఆమె పిల్లే. పనికి ఒబ్రా అన్న స్పానిష్ మాట ఉంది, ఒళ్లు హూనమయ్యే కష్టానికి పంగబుద్లాయ్ అన్న సొంత మాట ఉంది. యజమానిని స్పానిష్‌లో లాగే ఆమో అంటారు. నొక్కి పలకడం మారిస్తే అదే మాట కోతి. ఈ సంగతి చెప్పుకుని ఆ రాత్రి ఇద్దరూ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వారట. కువైట్‌లో ఇద్దరికీ కలిపి ఉన్న పేరు ఖద్దామా.

వీటన్నిట్లో నాకు గుచ్చుకున్నది ‘ఇందై’. ఇలోంగో ఇళ్లల్లో ఆడపిల్లను ముద్దుగా పిలిచే పిలుపు అది. మన పాప, అమ్మి లాంటిది. విసయా దీవుల నుంచి మనీలాకు పనికెళ్లిన ఆడపిల్లలు ఒకరినొకరు అలా పిలుచుకోవడం వింటూ వింటూ మనీలా ఇళ్లల్లో ఇందై అంటే పనిమనిషి అయిపోయింది. సినిమాల్లో, జోకుల్లో ఇందై అంటే యాస మాట్లాడే పనిపిల్ల. 2013లో ఇంటిపనివాళ్ల చట్టం వచ్చింది. అందులో ‘కసంబహాయ్’ అన్న తగలాగ్ మాట పెట్టారు, ఇంట్లో తోడుండే మనిషి అని. మంచి మాటే. మన దగ్గర ఇప్పటికీ ఇంటిపనివాళ్లకు దేశమంతటికీ కలిపి అలాంటి చట్టమే లేదు.

ఇలోంగో చాలా తీయని భాష అని ఫిలిప్పీన్స్‌లో పేరు. తిట్టినా లాలించినట్టే ఉంటుందంటారు. తెలుగు తేనె అని విని పెరిగినదాన్ని కాబట్టి ఇలాంటి పొగడ్తలంటే నాకు భయం. గొంతు తీయగా ఉంటుందని ఒక ప్రాంతపు ఆడవాళ్లకు పేరొస్తే, ఆ తీపి ఉద్యోగంలో భాగమైపోతుంది. మానాంగ్ కోపంగా మాట్లాడితే ఎలా ఉండేది అని అడిగాను. “కోపంగానే ఉండేది” అంది చిన్నమ్మ.

2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఖాళీ ఫ్లాటులోని ఫ్రీజర్‌లో ఏడాదికి పైగా పడి ఉన్న ఒక ఇలోంగా పనిమనిషి శవం దొరికింది. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అప్పుడు కువైట్‌కు మనుషుల్ని పంపడం ఆపేసింది, మేలో ఒప్పందం కుదిరాక మళ్లీ పంపింది. టీవీలో ఇలోయిలో అన్న మాట వినబడి చిన్నమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదట. ఆ చనిపోయిన ఆమె మానాంగ్ కన్నా చాలా చిన్నదని మర్నాడు తెలిసింది. “కాదులే అనుకుంటి. అనుకున్నందుకు సిగ్గయింది” అంది.

పుస్తకం చివరి పేజీల్లో మాటలు పలచబడతాయి. జీతం లెక్కలు, ఊరికి పంపిన డబ్బు, ఒక పక్క పిల్లల పేర్లు. మధ్యలో మూడు మాటలున్నాయి. ‘హిద్లావ్’కు ఎదురుగా ముందు ‘బాధ’ అని రాసి కొట్టేసి, ‘గుర్తొచ్చేది’ అని రాసి కొట్టేసి, ‘బెంగ’ అని రాసింది. నిఘంటువుల్లో ఇంగ్లీషు అర్థం కన్నా ఇదే సరైందని నా నమ్మకం. ‘పలాంగ’కు ఎదురుగా ఏమీ లేదు. ప్రేమ, గారాబం, ఆప్యాయత అని నేను చదివి వినిపిస్తే చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది. జొరమొచ్చి పడుకుంటే మానాంగ్ తన వంతు పని, చిన్నమ్మ వంతు పని రెండూ చేసి వచ్చి పాదాలు పట్టేదట. “అప్పుడంటాది ఆ మాట. దానికేం రాయాల?”

మూడోది ‘ఇందై’. దాని ఎదురుగా ‘నేను’ అని ఉంది.

అట్ట లోపలివైపు మానాంగ్ చేతిరాతలో ఒక ఫోన్ నంబరు. 63తో మొదలవుతుంది, తర్వాత 34, నీగ్రోస్ పడమటి సగం కోడ్. ఇద్దరం కూర్చుని నాలుగైదు సార్లు చేశాం. ఆ నంబరు వాడుకలో లేదని రికార్డు గొంతు ఇంగ్లీషులో చెప్పింది. పేజీలన్నిటికీ ఫోటోలు తీసుకుంటానంటే చిన్నమ్మ సరే అంది గానీ, పుస్తకం మాత్రం హైదరాబాదు తీసుకుపోనివ్వలేదు. కవరులో చుట్టి మళ్లీ పాస్‌పోర్టు పక్కన పెట్టింది.